నీవు ఎవనిని వెదకుచున్నావు? బైబిలులో తోటలు

(శ్రమల దినాల్లో ఒక సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, ఇక్కడ కూడిన మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

శుభ శుక్రవారం దగ్గరపడింది. ఆ రోజు మనం సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తాం, కల్వరి కొండను తలుచుకుంటాం. ఈ సాయంత్రం నేను ఆ సిలువ పక్కనే ఉన్న తోట గురించి మాట్లాడతాను. యోహాను సువార్త 19వ అధ్యాయం 41వ వచనం తీయండి. "ఆయనను సిలువవేసిన స్థలములో ఒక తోట యుండెను." మనం ఈ మాటను ఏటా చదువుతాం, చదివి ముందుకు వెళ్లిపోతాం. మన ఇళ్లలో ఉన్న సిలువ పటాల్లో రాళ్లు, నల్లని మేఘాలు ఉంటాయి. చెట్టు ఒక్కటీ కనపడదు. మత్తయి, మార్కు, లూకా ఆ తోట మాట ఎత్తలేదు. ఎత్తినవాడు యోహాను ఒక్కడే.

ఇంకో సంగతి చూడండి. మనం "గెత్సేమనే తోట" అని పాటల్లో పాడుకుంటాం, ప్రార్థనల్లో అంటాం. మత్తయి, మార్కు గెత్సేమనే అని రాశారు గానీ తోట అనలేదు. యోహాను తోట అన్నాడు, గెత్సేమనే అనలేదు. రెండూ కలిపి ఆ పేరు చేసుకున్నది తర్వాతి విశ్వాసులు. అంటే యోహాను లెక్కలో ప్రభువును పట్టుకున్నది తోటలో, సిలువ వేసింది తోట ఉన్న చోట, సమాధి చేసింది తోటలో, లేచి మొదట కనిపించింది తోటలో. ఇంత చిన్న కథనంలో నాలుగుసార్లు తోట దగ్గరికే తీసుకువస్తున్నాడంటే, ఇంకో తోటను గుర్తు చేస్తున్నాడని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే ముందు ఆ మొదటి తోటకు వెళ్దాం.

ఆదికాండము 2వ అధ్యాయం. కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నా చూపు ఐదో వచనం మీద ఆగుతుంది. పొలంలో ఇంకా ఏ చెట్టూ మొలవలేదు. ఎందుకంటే దేవుడు వాన కురిపించలేదు, "నేలను సేద్యపరచుటకు నరుడు లేడు." నేల రెండింటి కోసం చూస్తోంది. ఒకటి పైనుంచి రావాల్సిన నీరు, రెండోది పని చేసే చెయ్యి. తర్వాత దేవుడే తూర్పున ఏదెనులో ఒక తోట వేశాడు. దేవుడు తోట వేశాడని బైబిలు ఏ సంకోచమూ లేకుండా రాసింది. చూపునకు రమ్యమైన చెట్లు, ఆహారానికి మంచివైన చెట్లు అని రెండూ చెప్పింది. అందం ముందు, ఆకలి తర్వాత. ఆ వరుస నాకు చాలా ఇష్టం.

15వ వచనంలో నరుణ్ణి ఆ తోటలో ఉంచింది ఎందుకు? "సేద్యపరచుటకును దాని కాచుటకును." ఇది పాపం రాకముందు మాట. మన సంఘాల్లో చాలామంది, కష్టం చేయడమే శాపమని, ఆదాము తప్పు చేశాడు కాబట్టి మనం చెమటోడ్చాల్సి వచ్చిందని అనుకుంటారు. నాకు తెలిసిన కూలి పనివాళ్లు, రైతులు కూడా అలాగే అంటారు, వింటుంటే నాకు బాధేస్తుంది. పని శాపం కాదండీ. పని ముందే ఉంది, తోటతో పాటే ఉంది, దేవుడు నమ్మి అప్పగించింది అది. 3వ అధ్యాయంలో శాపం వచ్చినప్పుడు మారింది నేల. ముండ్ల తుప్పలు, గచ్చపొదలు మొలిచాయి. "నీ ముఖపు చెమట కార్చి" అన్న మాట అప్పుడు వచ్చింది. ఈ ముళ్లూ, ఈ చెమటా గుర్తుపెట్టుకోండి, మళ్లీ కనిపిస్తాయి.

చల్లపూట దేవుడు తోటలో సంచరిస్తున్నాడు. ఆయన స్వరం విని ఆ భార్యాభర్తలు చెట్ల మధ్య దాక్కున్నారు. అప్పుడు వచ్చింది బైబిలులో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న: "నీవు ఎక్కడ ఉన్నావు?" ఆయనకు తెలియక అడిగాడా? తెలిసే అడిగాడు. తండ్రి ఇంటికొచ్చి, తలుపు చాటున నక్కిన పిల్లవాడి కాళ్లు కనిపిస్తున్నా "ఎక్కడున్నావురా" అని అడిగినట్టు ఉంటుంది నాకు ఆ ప్రశ్న. వెలివేసే ముందు పిలిచాడు. చర్మపు చొక్కాలు తొడిగించి మరీ పంపాడు. తర్వాత తూర్పున కెరూబులనే దేవదూతలను, తిరుగుతున్న ఖడ్గజ్వాలను నిలిపాడు. తోట తలుపు మూసుకుంది.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఒకటే సంగతి. బైబిలులో తోట అంటే విశ్రాంతి తీసుకునే చోటు అనుకుంటాం. నా పఠనంలో మాత్రం అది వెతకడం జరిగే చోటు. ఎవరో ఒకరు దాక్కుంటారు, ఎవరో ఒకరు వెతుకుతారు. ఎవరు ఎవరిని వెతుకుతున్నారన్నదే ప్రశ్న.

తోటను ఇశ్రాయేలీయులు మర్చిపోలేదు. సొలొమోను కట్టిన మందిరం గోడల నిండా ఏం చెక్కారు? కెరూబులు, ఖర్జూర చెట్లు, విచ్చుకున్న పువ్వులు. స్తంభాలకు దానిమ్మ పండ్లు. మందిరానికి ముందున్న ఆరాధన గుడారంలోని దీపస్తంభానికి బాదం పూల మొగ్గలు. లోపలికి వెళ్లే యాజకుడు రాతి గోడల మధ్య ఒక తోటలోకి అడుగు పెట్టినట్టే. పోగొట్టుకున్నదాన్ని బంగారంతో, దేవదారుతో జ్ఞాపకం చేసుకున్నారు.

అయితే అసలు తోటలు, మట్టిలో ఉన్న తోటలు ఏమయ్యాయో చూడాలంటే రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయానికి రావాలి. నాబోతు ద్రాక్షతోట. ఈ కథ మీద ప్రసంగాలు మన దగ్గర తక్కువ వింటాం, ఇంకా ఎక్కువ వినాలని నా కోరిక. యెజ్రెయేలులో అహాబు రాజు నగరు పక్కనే నాబోతు తోట ఉంది. రాజు అడిగింది చిన్నదిగానే కనిపిస్తుంది: నీ తోట నా ఇంటికి ఆనుకుని ఉంది, కూరతోట వేసుకుంటాను, ఇవ్వు, బదులుగా ఇంతకంటే మంచిది ఇస్తాను, లేదా డబ్బిస్తాను. ఈ రోజుల్లో చాలామంది మంచి బేరమే అనుకుంటారు. నాబోతు ఒప్పుకోలేదు. అది పిత్రార్జితం, అమ్మడం నా వల్ల కాదన్నాడు. ఆ నేల అతని చేతిలో ఉన్నా, అతను దానికి కావలివాడు. తాతలు కాచారు, తను కాస్తున్నాడు, పిల్లలు కాస్తారు. ఏదెనులో చెప్పిన "కాచుట" ఇదే.

రాజు మంచం మీద ముఖం తిప్పుకుని పడుకున్నాడు, అన్నం తినలేదు. రాణి యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాసి ముద్ర వేసింది. ఉపవాస దినం చాటించారు. ఇద్దరు అబద్ధపు సాక్షుల్ని కూర్చోబెట్టారు. దేవదూషణ నేరం మోపారు. ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. అంతా చట్టం ప్రకారం జరిగినట్టే ఉంటుంది చూడండి. కాగితాలున్నాయి, ముద్రలున్నాయి, సాక్షులున్నారు, ప్రార్థన కూడా ఉంది. అహాబు ఆ తోటను స్వాధీనం చేసుకోవడానికి వెళ్తే, అక్కడ ఎవరు ఎదురయ్యారు? ప్రవక్త ఏలీయా. "నా పగవాడా, నీచేతిలో నేను దొరికితినా?" అన్నాడు రాజు. ఇక్కడ కూడా తోటలో దొరికిపోవడమే. ఆదాము చెట్ల మధ్య దొరికాడు, అహాబు తీగల మధ్య దొరికాడు. ఆదామును వెతికింది తండ్రి గొంతు, అహాబుకు వినిపించింది నాబోతు రక్తం గురించిన తీర్పు. పక్కవాడి నేలను ఏదో ఒక కాగితంతో లాక్కునే ప్రతి చోటా ఈ అధ్యాయం చదవాలి. యెజ్రెయేలులో 2013లో జరిపిన తవ్వకాల్లో రాతిలో తొలిచిన ద్రాక్ష గానుగ బయటపడింది. అది నాబోతుదని ఎవరూ చెప్పలేరు. అక్కడ ద్రాక్షతోటలు ఉండేవన్నది మాత్రం రాయే చెబుతోంది.

యెషయా గ్రంథంలో ఇంకో రకం తోటలున్నాయి. విగ్రహాల కోసం బలులు అర్పించిన తోటలు. ప్రవక్త వాటిని గద్దించాడు. అంటే తోట దానంతట అది పవిత్రం అయిపోదు. అదే యెషయా 58లో, ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే, బాధితుణ్ణి తృప్తిపరిస్తే, నువ్వే నీరు కట్టిన తోటలా ఉంటావని దేవుడు మాట ఇస్తున్నాడు. నీరు కట్టడమంటే ఏమిటో మన పల్లెవాళ్లకు వివరించనక్కర్లేదు.

యిర్మీయా 29 గురించి ఒక్కమాట. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు ప్రవక్త ఉత్తరం రాశాడు. వాళ్లు త్వరగా తిరిగి వెళ్తామనే ఆశతో పెట్టెలు సర్దుకుని ఉన్నారు. ఆయన "తోటలు నాటి వాటి ఫలములను అనుభవించుడి" అన్నాడు. పండ్ల చెట్టు నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. పరాయి దేశంలో, శత్రువుల ఊళ్లో చెట్టు నాటమంటే, ఆ ఊరి మేలు కోరమనడమే. నిజంగానే రెండు వచనాల తర్వాత అదే ఉంది: ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. దూరదేశాల్లో ఉన్న మన పిల్లలు కరివేపాకు మొక్కను కుండీలో పెట్టుకుని, చలికాలం వస్తే ఇంట్లోకి తెచ్చి కాపాడుకుంటారు. వాళ్లకు ఈ వచనం చదివి వినిపించండి.

సరే, ఇప్పుడు ప్రభువు దగ్గరికి.

లూకా 13లో ఆయన ఒక ఉపమానం చెప్పాడు. మూడేళ్లుగా కాపు లేని అంజూరపు చెట్టు. యజమాని వచ్చి పండ్లు వెతికాడు, దొరకలేదు. నరికెయ్యి అన్నాడు. తోటమాలి బతిమాలాడు: అయ్యా, ఈ ఒక్క సంవత్సరం ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను. ఉపమానం అక్కడే ఆగిపోయింది. చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. మనకు తెలిసింది తోటమాలి మనసు మాత్రమే. చెట్టు తరఫున వాదించేవాడు, చేతులకు పేడ అంటుకున్నా ఫర్వాలేదనేవాడు. ఈ తోటమాలిని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ రాత్రి. యోహాను 18. కెద్రోను వాగు దాటి ఒక తోటలోకి వెళ్లాడు. ఆయన పలుమార్లు అక్కడికి వెళ్తుండేవాడు కాబట్టే ఆయనను పట్టించిన యూదాకు ఆ చోటు తెలుసు. లూకా రాశాడు, ఆయన చెమట నేల మీద పడుతున్న గొప్ప రక్త బిందువుల్లా అయిందని. మొదటి తోటలో చెమట శాపంగా వచ్చింది. ఈ తోటలో ఆ చెమటను ఆయన తన ముఖం మీదికి తెచ్చుకున్నాడు. తెల్లారేసరికి ముళ్లు కూడా తలకెక్కాయి, కిరీటంగా అల్లి పెట్టారు. నేలకు పట్టిన శాపాన్ని నెత్తిన మోశాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

దివిటీలు, దీపాలు, ఆయుధాలు పట్టుకుని మనుషులు చెట్ల మధ్యకు వచ్చారు. పస్కా పండుగ, పున్నమి రోజులు. అయినా దీపాలు తెచ్చారు. ఆయన చెట్ల చాటున దాక్కుని ఉంటాడని, వెతకాల్సి వస్తుందని అనుకుని ఉంటారు. ఆయనే ఎదురు వెళ్లి అడిగాడు: "మీరెవని వెదకుచున్నారు?" నజరేయుడైన యేసును అన్నారు. "ఆయనను నేనే" అన్నాడు. వాళ్లు వెనక్కి తగ్గి నేల మీద పడ్డారు. ఏదెనులో దేవుడు పిలిస్తే మనిషి దాక్కున్నాడు. ఇక్కడ మనుషులు ఆయుధాలతో వెతుకుతూ వస్తే దేవుని కుమారుడు దాక్కోలేదు. నన్నే గదా వెతుకుతున్నారు, వీళ్లను పోనివ్వండి అన్నాడు. దాక్కున్నవాళ్ల బదులు ఆయన బయటికి వచ్చి నిలబడ్డాడు.

అదే రాత్రి కోడి కూయబోయే ముందు, మంట దగ్గర ఒక దాసుడు పేతురును అడిగిన ప్రశ్న చూడండి. "నీవు తోటలో అతనితోకూడ ఉండగా నేను చూడలేదా?" యోహాను మాత్రమే ఈ ప్రశ్నలో తోట మాట రాశాడు. పేతురు కాదన్నాడు. ఆదాములాగే అతనూ దాక్కున్నాడు. అతనికి చెట్లు దొరకలేదు, అబద్ధం దొరికింది.

ఆ గెత్సేమనేలో ఇప్పుడు ఎనిమిది ముసలి ఒలీవ చెట్లున్నాయి. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వాటిని కాపాడుతున్నారు. పక్కనే 1924లో పూర్తయిన సర్వజనుల దేవాలయం ఉంది. యాత్రకు వెళ్లొచ్చిన మనవాళ్లు కొందరు "ప్రభువు మోకరించిన చెట్లే ఇవి" అంటారు. ఆ మాట భక్తితో అన్నదే, నేను తప్పు పట్టను. కానీ మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2012లో ఇటలీ జాతీయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు ఫలితాలు ప్రకటించారు. మిగతావి లోపల డొల్లగా ఉండటంతో మూడు చెట్ల కాండాలకే వయసు కట్టగలిగారు. 1092, 1166, 1198 ప్రాంతాల కలప అది. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్లు. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

అదే పరిశోధనలో ఇంకొకటి తేలింది, నన్ను కదిలించింది అదే. ఎనిమిది చెట్ల జన్యువులూ ఒకటే. ఒకే తల్లి చెట్టు నుంచి కొమ్మలు తెచ్చి నాటినవి. ఎవరో, ఏ కాలంలోనో, ఆ తోటలో ఆ చెట్టే ఉండాలని పట్టుదలగా కొమ్మలు నాటారు. ఒలీవ చెట్టును నరికినా మొదట్లోంచి చిగురిస్తుంది. బాటనీ మనిషిగా ఇది నాకు తెలిసిన సంగతే, అయినా ఆ తోట గురించి చదివినప్పుడు మనసు నిండిపోయింది.

ఆదివారం తెల్లవారుజాము. ఇంకా చీకటి. మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తోంది. ఏదెను వాకిట్లో కెరూబులు ఖడ్గంతో దారి మూసి నిలబడ్డారని చదివాం. ఇక్కడ ఇద్దరు దేవదూతలున్నారు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు కూర్చుని ఉన్నారు. చేతుల్లో ఖడ్గాలు లేవు. "అమ్మా, యెందుకు ఏడ్చుచున్నావు?" అని అడుగుతున్నారు. కావలి కాసినవాళ్లు ఓదార్చేవాళ్లయ్యారు.

ఆమె వెనక్కి తిరిగింది. యేసు నిలబడి ఉన్నాడు, గుర్తుపట్టలేదు. ఆయనా అదే అడిగాడు: అమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు, "ఎవనిని వెదకుచున్నావు?" సైనికులను అడిగిన ప్రశ్నే ఇది. అప్పుడు బహువచనంలో వచ్చింది, ఇప్పుడు ఒక్క స్త్రీకి వచ్చింది. ఆమె "ఆయన తోటమాలి అనుకొని" అయ్యా, నువ్వు ఆయనను మోసుకుపోయి ఉంటే ఎక్కడ ఉంచావో చెప్పు, నేను ఎత్తుకుపోతాను అంది. ఒంటరి స్త్రీ, ఒక శవాన్ని నేనే ఎత్తుకుపోతానంటోంది. ఆ మాటలో ఉన్న ప్రేమకు కొలత ఏది?

ఆమె పొరపాటు పడిందని మనం పిల్లలకు చెబుతాం. ఆరో శతాబ్దం చివర రోములో పోపుగా ఉన్న గ్రెగరీ ఒక ప్రసంగంలో దీని గురించి మాట్లాడాడు. పొరపాటు పడుతూనే ఈ స్త్రీ పొరపాటు పడలేదేమో, ఆమె హృదయంలో ప్రేమతో సద్గుణాల విత్తనాలు నాటినవాడు ఆమెకు తోటమాలి కాడా అన్నాడు. నేను దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను. ఆదికాండములో తోట వేసినవాడు దేవుడు. ఆ తోటలో కావలి పెట్టిన మొదటి మనిషి ఆ పని చెడగొట్టాడు. కడపటి ఆదాము అని పౌలు పిలిచింది క్రీస్తునే అని మనకు తెలుసు. తోటలో వదిలేసిన పనిని ఆయన తోటలోనే తిరిగి చేపట్టాడు. అంజూరపు చెట్టు తరఫున వాదించినవాడు ఈయనే. మరియ కళ్లు కన్నీళ్లతో మసకబారి ఉండొచ్చు గానీ ఆమె చూసింది నిజం.

చిత్రకారులు ఇది మనకంటే బాగా గ్రహించారు. ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠం గోడ మీద ఫ్రా ఆంజెలికో వేసిన చిత్రంలో ప్రభువు భుజాన పలుగులాంటి తోటపనిముట్టు ఉంటుంది. 1638లో రెంబ్రాంట్ వేసిన చిత్రంలో ఆయన తలకు వెడల్పాటి టోపీ, చేతిలో పార. పార పట్టిన ప్రభువు పటం మన ఇళ్లలో, మన గుళ్లలో నాకు ఎక్కడా కనిపించలేదు. కష్టజీవులతో నిండిన మన సంఘాల్లో అలాంటి పటం ఒక్కటైనా ఉండాలి.

"మరియా" అని పిలిచాడు. అంతే, ఆమె గుర్తుపట్టింది. ఏదెనులో పిలుపు వినగానే దాక్కున్నారు. ఈ తోటలో పిలుపు వినగానే తిరిగి చూసింది.

ఆ సమాధి ఉన్నచోటని నాలుగో శతాబ్దం నుంచి క్రైస్తవులు ఆరాధిస్తున్నది పరిశుద్ధ సమాధి దేవాలయం. అక్కడ నేల పలకలు మార్చే పనితో పాటు 2022 నుంచి రోములోని సపియెంజా విశ్వవిద్యాలయం వాళ్లు తవ్వకాలు చేస్తున్నారు, ఫ్రాంచెస్కా రొమానా స్టాసోల్లా అనే పురావస్తు శాస్త్రవేత్త ఆధ్వర్యంలో. అడుగున పాత రాతి క్వారీ, ఆ క్వారీ వాడకం ఆగాక దాని మీద మట్టి పోసి చేసిన సాగు ఆనవాళ్లు దొరికాయి. ఒలీవ, ద్రాక్ష అవశేషాలు, పుప్పొడి రేణువులు ఉన్నాయని 2025లో వెల్లడించారు. సువార్త ఆ పుప్పొడి మీద ఆధారపడి లేదు. అయినా యోహాను రాసిన "ఒక తోట యుండెను" అన్న చిన్న మాటకు మట్టిలోంచి ఇలా జవాబు రావడం చూసి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాతి కాలపు విశ్వాసులు ఈ మాటను ఎలా బతికారో కొంచెం చెబుతాను. ఐగుప్తు ఎడారిలో ఆంటోనీ అనే భక్తుడు ఉండేవాడు. శిష్యులు ఎడారి దాటి రొట్టెలు మోసుకొస్తుంటే వాళ్ల శ్రమ చూడలేక, పార, గొడ్డలి, కొంచెం గోధుమలు తెప్పించుకుని నేల దున్నుకున్నాడు. తర్వాత కూరమొక్కలు కూడా వేశాడు. తన కోసం కాదు, అంత దూరం నడిచి తనను చూడటానికి వచ్చేవాళ్ల కోసం. నల్ల సముద్రం ఒడ్డున సినోపే పట్టణంలో ఫోకాసు అనే తోటమాలి ఉండేవాడు. అతన్ని వెతికి చంపడానికి మనుషులు వచ్చారు. అతనే ఫోకాసని తెలియక అతని ఇంట్లోనే దిగారు. వాళ్లకు అన్నం పెట్టాడు. వాళ్లు నిద్రపోయాక తన తోటలో తన గొయ్యి తానే తవ్వుకుని, పొద్దున "మీరు వెతికే ఫోకాసు నేనే" అన్నాడని సంఘం చెప్పుకుంటూ వచ్చింది. తోటలో నిలబడి "నేనే" అనడం అతను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మీకు వేరే చెప్పాలా?

తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో గీసిన ఒక మఠం నమూనా స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో ఆస్పత్రి పక్కన మందు మొక్కల మడులు, వంటశాలకు కూరగాయల మడులు వేరువేరుగా గీశారు. శ్మశానం ఎక్కడ గీశారంటే, పండ్ల తోటలో. ఆపిల్, పియర్, బాదం చెట్ల పేర్లు, వాటి నడుమ చనిపోయిన సహోదరుల సమాధులు. పునరుత్థానం తోటలో జరిగిందని నమ్మినవాళ్లు గీసిన నమూనా అది.

మన తెలుగు నేలకు సంబంధించిన ఒక మనిషిని చెప్పకుండా ఉండలేను. విలియం కేరీ అనే ఇంగ్లిషు మిషనరీ. బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో ఉండి బైబిలును ఎన్నో భారతీయ భాషల్లోకి తెచ్చినవాడు, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినవాడు. ఆయన గొప్ప తోటమాలి కూడా. శ్రీరాంపూర్‌లో ఎకరాల కొద్దీ మొక్కలు పెంచాడు. 1820లో భారతదేశ వ్యవసాయ ఉద్యానవన సంఘాన్ని స్థాపించాడు. మన సామర్లకోటలో తోట పెట్టి, కోరమండల్ తీరం మొక్కలను పరిశీలించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా వెళ్లాడు. ఆయన రాతప్రతులను ఆయన పోయాక అచ్చుకు సిద్ధం చేసింది కేరీయే. భారతదేశపు మొక్కల గురించిన ఆ గ్రంథం మొదటి పేజీ మీద దావీదు కీర్తన మాట వేయించాడు: యెహోవా, నీ క్రియలన్నీ నిన్ను స్తుతిస్తున్నాయి. వాక్యం అనువదించిన చేతులే విత్తనం నాటాయి. ఆయనకు రెండూ ఒకే సేవ. చివరి రోజుల్లో మంచాన పడి, నేను పోయాక తోటి సేవకుడు మార్ష్‌మన్ సహోదరుడు ఈ తోటలోకి ఆవుల్ని తోలేస్తాడేమో అని దిగులు పడ్డాడట. ఆ తోటను కాపాడటం పవిత్రమైన బాధ్యతగా చూసుకుంటానని మార్ష్‌మన్ మాట ఇచ్చాడు. మరణశయ్య మీద మొక్కల గురించి బెంగ పెట్టుకోవడం అవిశ్వాసం కాదు. అది కావలివాడి మనసు.

ప్రకటన గ్రంథం చివర తోట తిరిగి వస్తుంది, కానీ ఒంటరిగా రాదు. పట్టణం మధ్యలో వస్తుంది. వీధి నడుమ జీవజల నది, దానికి ఈవల ఆవల జీవవృక్షం, నెలనెలా కాపు. "ఆ వృక్షముయొక్క ఆకులు జనములను స్వస్థపరచుటకై వినియోగించును." ఆదాము చెయ్యి చాపకుండా కాపలా పెట్టిన ఆ చెట్టే ఇప్పుడు జనాలందరికీ మందయింది. ఆ పట్టణం గుమ్మాలు ఎన్నడూ మూయరు. ఒకప్పుడు చెట్టుకు కాపలా, ఇప్పుడు తలుపులు బార్లా. ఒక జాతికి, ఒక కులానికి, ఒక భాషకు అని రాయలేదు. జనములను అని రాశాడు. మన సంఘాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపులతో చెప్పే అలవాటు ఇంకా మిగిలి ఉంటే, ఆ చెట్టు కింద నిలబడ్డప్పుడు ఏం చెబుతాం?

చివరగా మన ఆవరణ సంగతి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం, బంతిపూలు పెడతాం, మనవాళ్లను తలుచుకుంటాం. గత కొన్నేళ్లుగా ఎక్కడ చూసినా సమాధుల మధ్య నేలంతా సిమెంట్ చేస్తున్నారు. గుడి ఆవరణలో టైల్స్ వేస్తున్నారు. బురద ఉండదు, కారు పెట్టుకోవడానికి వీలు, ఊడ్చుకోవడం తేలిక. ఆ ఇబ్బందులు నాకూ తెలుసు. కానీ వాన నీరు దిగడానికి చోటు లేదు. ఎండాకాలం ఆరాధన అయ్యాక ముసలివాళ్లు నిలబడటానికి నీడ లేదు. మన ఆవరణలో మిగిలిన వేపచెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంట్ పోశారు, అది ఊపిరాడక ఎండుతోంది. బాటనీ చెప్పిన మనిషిగా ఖాయంగా చెబుతున్నాను, పైకొమ్మలు అప్పుడే ఎండాయి.

సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. వేపచెట్టు చుట్టూ ఆరడుగుల మేర సిమెంట్ పగలగొట్టించి పాదు చేయించండి. సమాధుల తోటలో దారి వరకే రాళ్లు పరిచి మిగతా నేల వదిలేయండి. కొత్త సమాధి పక్కన ఒక మొక్క నాటే పద్ధతి పెడదాం. నీళ్లు పోసే బాధ్యత సండే స్కూల్ పిల్లలు తీసుకుంటామన్నారు, నేను ముందే అడిగాను. గోరింట, మందార, పొన్న, వేప మొక్కలు నేను తెచ్చి ఇస్తాను. ఈస్టర్‌కు ముందు శనివారం ఉదయం ఆరింటికి సమాధుల తోట గేటు దగ్గర ఉంటాను. పలుగు, పార ఉన్నవాళ్లు తెచ్చుకోండి. వందనాలు.